రెక్స్ భాషలో ‘పుల్’: పంక్తి స్వీకారక్రమము

మైక్ కౌలిషా అను ఐ.బి.ఎం. ఉద్యోగి 1979లో తన విరామకాలమున ఆరంభించిన రెక్స్ భాష, 1983లో ఆ సంస్థవారి వి.ఎం. వ్యవస్థతోపాటు వాడుకరులకు అందినది. అందు ‘పుల్’ అను ఆదేశ మొకటి కలదు. టెర్మినల్ ముందు కూర్చున్నవాడు టైపుచేసిన పంక్తిని గ్రహించి ప్రోగ్రామున కందించుటయే దీని పనియని తోచును. ఈ నిర్వచనము సగమే సత్యమని మేము చూపదలచితిమి.

వి.ఎం. నందలి సి.ఎం.ఎస్.లో ‘పుల్’ మొట్టమొదట మనుష్యుని అడుగదు. ప్రోగ్రాములు పంక్తులను దాచుకొను స్టాకును ముందు చూచును. అది ఖాళీయైనచో, అడుగక మునుపే టైపుచేయబడి టెర్మినల్ బఫరులో వేచియున్న పంక్తిని గ్రహించును. అదియు లేనప్పుడే మనుష్యుని యుత్తరమునకై నిలుచును. ‘పుష్’ అను ఆదేశము పంక్తిని స్టాకు మొదటను, ‘క్యూ’ అనునది చివరను చేర్చును.

స్టాకు కౌలిషా కల్పనము కాదు. పూర్వపు ఎగ్జెక్ భాషలోనే అది కలదు. ఈ పద్ధతికి ఆనాటి పరికరములు అనుకూలించినవని మా యభిప్రాయము. 1965లో వచ్చిన 2741 టైపురైటరు టెర్మినల్‌లో పంక్తి ముగించు మీట నొక్కిన పిమ్మటనే ప్రోగ్రామునకు వంతు వచ్చెడిది. 1971 నాటి 3270 తెరపై వ్రాసినది, ఎంటర్ మీట నొక్కువరకు ఆ పరికరముల వద్దనే నిలిచెడిది. అందుచే ప్రోగ్రామునకు చేరునది పూర్తియైన పంక్తియే. దానిని వ్రాసిన చేయి యెవరిదో ఆ పంక్తి చెప్పదు. కనుకనే మనుష్యుని కొరకు వ్రాసిన ప్రశ్నలకు మరియొక ప్రోగ్రాము ముందుగనే సమాధానములు పేర్చి పెట్టగలిగెను.

ఈ సౌలభ్యమునకు మూల్యము లేకపోలేదు. ఎవరును చదువక స్టాకులో మిగిలిన పంక్తిని, ప్రోగ్రాము ముగిసిన పిమ్మట సి.ఎం.ఎస్. తనకిచ్చిన ఆజ్ఞగా గైకొనును. ఆ పంక్తిలో ‘ఎరేజ్’ అను మాటయు, దాని వెంట నొక ఫైలు పేరును ఉన్నచో ఆ ఫైలు నశించును. ఇట్టి యపాయమును నివారించుటకు కొన్ని సాధనములు కలవు. స్టాకులోని పంక్తుల సంఖ్యను ‘క్యూడ్’ తెలుపును. ‘మేక్‌బఫ్’ స్టాకులో వేరొక బఫరు నేర్పరచును. ‘డ్రాప్‌బఫ్’ దానిని, అందు మిగిలిన పంక్తులతో సహా, తొలగించును. స్టాకును దాటి టెర్మినల్ నుండియే చదువుటకు ‘పార్స్ ఎక్స్‌టర్నల్’ కలదు.

కావున ‘పుల్’ అనగా మనుష్యుని ప్రశ్నించుట గాదు. వరుసలో ముందున్న పంక్తిని గైకొనుట. ఫైలును తొలగింపవచ్చునాయని మనుష్యుని సమ్మతి కోరు చోట ఈ భేదమును విస్మరించినచో, అతడు పలుకని ‘అవును’ అతని పేర చెల్లిపోవును.