ఫైసలా చేరని గ్రామం
(నిజాం కాలపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో అదాలత్ పరిధి)

న్యాయస్థానపు అధికార పరిధి అనగానే పటం మీది సరిహద్దు గుర్తుకు వస్తుంది. కాని నిజాం రాజ్యంలోని దక్షిణ తెలంగాణలో రైతు తన ఫిర్యాదు ఎక్కడ దాఖలు చేయాలన్నది అతని ఊరు ఎవరి ఆధీనంలో ఉన్నదన్న దానిపై కూడా ఆధారపడేది.

1853లో దివాన్ పదవి చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ అమలు చేసి రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా ఏర్పరిచారు. శిస్తు వసూలు చూసే తాలూక్‌దార్లు, తహసీల్దార్లే తగాదాలు కూడా విచారించేవారు. అయితే ఈ వ్యవస్థ ముఖ్యంగా దివానీ ప్రాంతానికి, అంటే రాజ్యంలో సుమారు 60 శాతానికి సంబంధించినది. మిగిలిన భాగం నిజాం సొంత సర్ఫెఖాస్, పాయగాలు, జాగీరులు, సంస్థానాలుగా ఉండేది. మహబూబ్‌నగర్ ప్రాంతంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలుండేవి. పాయగాలకు, పెద్ద సంస్థానాలకు సొంత న్యాయాధికారాలుండేవి. అందువల్ల పొలాలు ఆనుకుని ఉన్న రెండు ఊళ్ళ రైతులు ఒకే రకమైన తగాదాకు రెండు వేర్వేరు కచేరీల మెట్లెక్కవలసి వచ్చేది.

భాష మరొక సరిహద్దు. 1884లో పారశీకం స్థానంలో ఉర్దూ అధికార భాష అయినది. దావా, వకాలతు, హాజరు, జప్తు, ఫైసలా అన్న మాటలు పల్లె తెలుగులో కలిసిపోయాయి. కాని కాగితంలో వ్రాసినదేమిటో తెలియాలంటే తెలుగు రైతు మరొకరి నోటివైపే చూడవలసి వచ్చేది.

1921లో ఏడవ నిజాం ఫర్మానాతో న్యాయశాఖ పాలనాశాఖనుండి వేరయినది. భారతదేశంలో జ్యుడిషియల్, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లను విడదీసిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిల్ 1న గాని అమలులోకి రాలేదు. ఆ దృష్టితో చూస్తే హైదరాబాదు సంస్కరణ చిన్నది కాదు.

అయినా ఒక లోటు మిగిలింది. ఇమామ్ మావర్దీ (మరణం 1058) తమ ‘అల్ అహ్కాముస్ సుల్తానియ్యా’లో ఖాజీ పరిధిని స్థలాన్నిబట్టి, విషయాన్నిబట్టి పరిమితం చేయవచ్చునని వివరించారు. బలవంతుల మీద తీర్పు అమలు చేయడానికి ఖాజీ శక్తి చాలనప్పుడు ఆ పని ‘మజాలిమ్’ విచారణాధికారి బాధ్యత అని కూడా చెప్పారు. అంటే తీర్పు చెప్పడం ఒకటి, దానిని అమలు జరపడం (తన్ఫీజ్) మరొకటి.

ఆ లోటు ఎంతటిదో కామారెడ్డిగూడెం చెబుతుంది. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని ఆ ఊరి ముస్లిం రైతు షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. న్యాయం ఆయన పక్షాన తేలింది. 1940లో దేశ్‌ముఖ్ మనుషులు ఆయనను దారికాచి చంపారు. అదాలత్ పరిధి ఆ ఊరిదాకా ఉన్నది. దాని రక్షణ మాత్రం ఆ దారిదాకా రాలేదు. పాలకుని మతం ఆ రైతును కాపాడలేదు. దొర బలం ముందు పీడితుడు ఏ మతస్థుడన్నది లెక్కకు రాలేదు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు చట్టం వచ్చింది. ఊరికొక ప్రభువు, ప్రభువుకొక కచేరీ అన్న పద్ధతి ముగిసింది. బందగీ సమాధి మాత్రం ఆ గ్రామంలో నిలిచి ఉన్నది. కోర్టు పరిధి ఎంతవరకు అన్న ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు ఒకటి. గెలిచిన పేదవాడు క్షేమంగా ఇల్లు చేరాడా అన్నది చరిత్ర అడిగే ప్రశ్న.