రసనిష్పత్తి

రసనిష్పత్తి అనగా కావ్యాన్ని చదివేవారిలో గాని, నాటకాన్ని చూసేవారిలో గాని రసానుభూతి కలిగే ప్రక్రియ. భారతీయ అలంకారశాస్త్రంలో ఇది ప్రధానమైన చర్చనీయాంశం. కవి ఒక భావాన్ని పాఠకుని హృదయంలోకి ఏ విధంగా చేర్చగలుగుతున్నాడు, కల్పిత పాత్ర దుఃఖానికి పాఠకుడు ఎందుకు కంటతడి పెడుతున్నాడు, ఆ కన్నీటిలో ఆనందం ఎందుకు ఉంటుంది అనే ప్రశ్నలకు ఆలంకారికులు దీని ద్వారా సమాధానాలు చెప్పారు. భావానికి పేరు పెట్టి చెప్పినంత మాత్రాన రసం కలగదు. ఆ భావానికి కారణాలైన వాటిని, దాని ఫలితాలను చూపినప్పుడే పాఠకునిలో నిద్రాణమై ఉన్న భావం మేల్కొంటుంది అనేది ఈ సిద్ధాంత సారాంశం.

నేపథ్యం

రసాన్ని గురించి లభిస్తున్న గ్రంథాలలో ప్రాచీనమైనది భరతముని పేరుతో ప్రసిద్ధమైన నాట్యశాస్త్రం. దీని కాలం క్రీ.పూ. 2వ శతాబ్దానికి, క్రీ.శ. 2వ శతాబ్దానికి నడుమ అని పలువురు పండితుల అభిప్రాయం. ఇందులో 6వ అధ్యాయం రసాలను, 7వ అధ్యాయం భావాలను వివరిస్తాయి. విభావాలు, అనుభావాలు, వ్యభిచారి భావాలు కలిసినప్పుడు రసం నిష్పన్నమవుతుందని భరతుడు సూత్రీకరించాడు. దీనిని ఆయన వంటకంతో పోల్చాడు. వేర్వేరు రుచులు గల పదార్థాలు కలిసి ఏ ఒక్క దానిలోనూ లేని కొత్త రుచిని ఇచ్చినట్లే, వేర్వేరు భావాలు కలిసి రసాన్ని ఇస్తాయి.

భరతుడు ప్రధానంగా నాటకాన్ని దృష్టిలో ఉంచుకొని చెప్పిన ఈ విషయాన్ని 9వ శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు తన ధ్వన్యాలోకంలో శ్రవ్యకావ్యానికి విస్తృతంగా అన్వయించాడు.

రససామగ్రి

రసం కలగడానికి కావలసిన అంశాలు:

* స్థాయీభావం: మనిషి మనసులో స్థిరంగా ఉండే భావం.
* విభావం: భావం మేల్కొనడానికి కారణం. ఇది రెండు విధాలు. ఎవరిని ఆశ్రయించి భావం పుడుతుందో అది ఆలంబన విభావం. ఆ భావాన్ని పెంచే పరిసరాలు ఉద్దీపన విభావం. కుమారుని కోల్పోయిన తల్లి కథలో ఆ కుమారుడు ఆలంబనం. అతడు విడిచి వెళ్ళిన చెప్పులు, పుస్తకాలు ఉద్దీపనం.
* అనుభావం: భావం పుట్టిన తరువాత బయటకు కనిపించే చేష్ట. కంట నీరు, గొంతు బొంగురుపోవడం, వణుకు మొదలైన 8 సాత్త్విక భావాలను భరతుడు ప్రత్యేకంగా పేర్కొన్నాడు.
* వ్యభిచారి భావం: స్థాయీభావంతో పాటు వచ్చి పోతూ దానిని పుష్టిపరచే భావం. చింత, దైన్యం, స్మృతి, శంక మొదలైనవి మొత్తం 33.

రసాలు, స్థాయీభావాలు

నాట్యశాస్త్రం 8 రసాలను చెప్పింది.

* శృంగారం - రతి
* హాస్యం - హాసం
* కరుణం - శోకం
* రౌద్రం - క్రోధం
* వీరం - ఉత్సాహం
* భయానకం - భయం
* బీభత్సం - జుగుప్స
* అద్భుతం - విస్మయం

తరువాతి ఆలంకారికులు శాంతాన్ని చేర్చడంతో ఇవి నవరసాలుగా ప్రసిద్ధి పొందాయి.

వ్యాఖ్యాతల అభిప్రాయాలు

రసం ఎవరిలో కలుగుతుంది, ఎలా కలుగుతుంది అనే విషయంలో నలుగురు వ్యాఖ్యాతల అభిప్రాయాలు ముఖ్యమైనవి. వీరిలో మొదటి ముగ్గురి అభిప్రాయాలు ప్రధానంగా అభినవగుప్తుని రచనల ద్వారానే తెలుస్తున్నాయి.

* భట్టలోల్లటుడు: విభావాదుల వలన స్థాయీభావం పుష్టి పొంది రసమవుతుంది. అది ముఖ్యంగా రాముడు మొదలైన పాత్రలలో ఉంటుంది.
* శంకుకుడు: ప్రేక్షకుడు నటుని చేష్టలను బట్టి రసాన్ని ఊహించుకుంటాడు. చిత్రంలోని గుర్రాన్ని చూసి గుర్రమని గ్రహించడం వంటిది ఈ జ్ఞానం.
* భట్టనాయకుడు: కావ్యభాషకు సాధారణీకరణం అనే శక్తి ఉంది. దాని వలన సీతారాముల దుఃఖం ఫలానా వ్యక్తులదిగా కాక మానవమాత్రుల దుఃఖంగా తోస్తుంది. పాఠకుడు దానిని ఆస్వాదిస్తాడు.
* అభినవగుప్తుడు (10-11 శతాబ్దాలు): రసం కొత్తగా పుట్టదు. వాసనారూపంలో పాఠకునిలో ముందే ఉన్న భావం కావ్యం వలన అభివ్యక్తమవుతుంది. ఈ అనుభవానికి అర్హుడైన పాఠకుడే సహృదయుడు.

రసానుభూతికి కలిగే విఘ్నాలను కూడా అభినవగుప్తుడు వివరించాడు. కథ నమ్మదగినదిగా లేకపోవడం, పాఠకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండడం, ప్రధానమైన భావం అప్రధానంగా మారడం వాటిలో కొన్ని.

కవి అనుసరించే మార్గాలు

రసం వాచ్యం కాదని, వ్యంగ్యం మాత్రమేనని ఆనందవర్ధనుడు ప్రతిపాదించాడు. అందువలన పాత్ర దుఃఖించిందని చెప్పడం కంటె, ఆ దుఃఖానికి హేతువైన వస్తువును చూపడం కవికి ముఖ్యం.

ఒక రసాన్ని మరొక రసం ద్వారా పెంచడం ఇంకొక మార్గం. మహాభారత యుద్ధంలో అర్జునుడు భూరిశ్రవుని చేతిని ఖండిస్తాడు, తరువాత సాత్యకి అతనిని వధిస్తాడు. స్త్రీపర్వంలో భూరిశ్రవుని భార్య తెగిపడిన ఆ చేతిని ఒడిలో ఉంచుకొని, ఒకప్పుడు అది తనపై చూపిన ప్రణయాన్ని తలచుకుంటుంది. మామూలుగా శృంగారం కరుణానికి విరోధి. ఇక్కడ మాత్రం గడచిన సుఖపు జ్ఞాపకం శోకాన్ని రెట్టింపు చేస్తుంది. విరుద్ధమైన రసం అంగంగా ఉన్నప్పుడు ప్రధాన రసానికి బలమిస్తుందని చెప్పడానికి ఆలంకారికులు ఈ ఘట్టాన్ని ఉదాహరణగా చూపారు.

రసదోషాలు

11వ శతాబ్దానికి చెందిన మమ్మటుడు కావ్యప్రకాశం 7వ ఉల్లాసంలో పాఠకుని రసానుభూతిని చెరిచే దోషాలను పేర్కొన్నాడు. వాటిలో ముఖ్యమైనవి:

* భావాన్ని దాని పేరుతోనే చెప్పడం.
* ఒకే రసాన్ని మళ్ళీ మళ్ళీ ఉద్దీపింపజేయడం. కుమారసంభవంలోని రతీవిలాపాన్ని ఇందుకు ఉదాహరణగా చూపాడు.
* సమయం కాని సమయంలో రసాన్ని విస్తరించడం. భట్టనారాయణుని వేణీసంహారం 2వ అంకంలో వీరులు నశిస్తుండగా దుర్యోధనుని శృంగారాన్ని వర్ణించడం ఇటువంటిది.
* అకస్మాత్తుగా రసాన్ని తెంచివేయడం.

మహాకవుల రచనలను సైతం దోషాలకు ఉదాహరణలుగా తీసుకోవడం గమనించదగినది.

కరుణరస వివాదం

శోకం నుండి ఆనందం ఎలా కలుగుతుంది అనేది ఈ సిద్ధాంతంలో కఠినమైన ప్రశ్న. కరుణరసం కేవలం దుఃఖమే అయితే ఎవరూ రామాయణం వంటి కావ్యాలను కోరి చదవరని 14వ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వాదించాడు. అంతకు ముందే, 12వ శతాబ్దంలో నాట్యదర్పణం రచించిన జైన పండితులు రామచంద్ర గుణచంద్రులు దీనికి భిన్నమైన అభిప్రాయం వెలిబుచ్చారు. వారి ప్రకారం కొన్ని రసాలు సుఖాన్ని, కొన్ని దుఃఖాన్ని కలిగిస్తాయి; కరుణంలో ప్రేక్షకుని ఆకర్షించేది కవి, నటుల నైపుణ్యం.

తెలుగునాట

రసచర్చకు తెలుగు ప్రాంతం తోడ్పాటు గణనీయమైనది. ఓరుగల్లు ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుని ప్రతాపరుద్రీయం, రాచకొండ పాలకుడు సింగభూపాలుని రసార్ణవసుధాకరం, 17వ శతాబ్దంలో షాజహాన్ ఆదరణ పొందిన జగన్నాథ పండితరాయల రసగంగాధరం సంస్కృతంలో ప్రసిద్ధ గ్రంథాలు. తెలుగులో రామరాజభూషణుని నరసభూపాలీయం ఈ విషయాలను వివరిస్తుంది.

ఆధునిక కాలంలో గురజాడ అప్పారావు రచనలు మంచి ఉదాహరణలు. పుత్తడిబొమ్మ పూర్ణమ్మలో వృద్ధునికి భార్య కావలసి వచ్చిన బాలిక మరణాన్ని కవి నేరుగా వర్ణించడు. ఆమె దుర్గను చేరిందని సూచించి వదులుతాడు. చెప్పని ఆ విషయాన్ని పాఠకుడే పూరించుకోవలసి వస్తుంది.

ఇదే సమస్యకు కన్యాశుల్కంలో ఆయన హాస్యాన్ని ఎన్నుకున్నాడు. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో 3 సంవత్సరాలలో నమోదైన శుల్క వివాహాలు 1,034 అని 1897 ముద్రణకు రాసిన ఇంగ్లీషు పీఠికలో పేర్కొన్నాడు. ఆ సంఖ్య విషయాన్ని తెలుపుతుంది. నాటకం దానిని అనుభవంలోకి తెస్తుంది. ముసలి లుబ్ధావధాన్లు ఆడవేషం వేసిన కుర్రవానిని పెళ్ళాడినప్పుడు ఏ బాలికకూ అన్యాయం జరగదు కనుక ప్రేక్షకుడు నిస్సంకోచంగా నవ్వగలుగుతాడు. అయితే చిన్ననాడే వితంతువైన బుచ్చమ్మ అదే నాటకంలో ఉండడం వలన ఆ నవ్వు వెనుక శోకం నిలిచే ఉంటుంది.

పాశ్చాత్య సిద్ధాంతాలతో పోలిక

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ విషాదాంత నాటకం జాలిని, భయాన్ని రేకెత్తించి కెథార్సిస్ కలిగిస్తుందని చెప్పాడు. 1919లో టి.ఎస్.ఇలియట్ హామ్లెట్‌పై రాసిన వ్యాసంలోని ఆబ్జెక్టివ్ కోరిలేటివ్ భావనను విభావంతో పోల్చుతారు. భావాన్ని వ్యక్తం చేయడానికి దానికి తగిన వస్తువులను, సన్నివేశాలను కూర్చాలని ఇలియట్ అభిప్రాయం.

జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్ మార్గం వేరు. ప్రేక్షకుడు పాత్రలో లీనమైతే ఆలోచించడం మానేస్తాడని భావించి, ఆ తాదాత్మ్యాన్ని భంగపరచే పద్ధతులను ప్రవేశపెట్టాడు. ఈ దృష్టితో చూస్తే సాధారణీకరణం గురించి కూడా ఒక ప్రశ్న ఎదురవుతుంది. దుఃఖం ఎవరిదీ కానప్పుడే ఆస్వాదించగలిగితే, దానిని తొలగించే బాధ్యత ఎవరిది? కన్యాశుల్కం వంటి రచనలు రసానుభూతిని సంస్కరణ సాధనంగా వాడడం ఈ ప్రశ్నకు ఒక సమాధానం.

ఇవి కూడా చూడండి

* నాట్యశాస్త్రం
* నవరసాలు
* ధ్వన్యాలోకం
* కన్యాశుల్కం