జొన్నరొట్టె నుంచి తెల్లన్నం దాకా

హైదరాబాదు గౌలిపురాలోని మా ఇంట్లో రాత్రి వంటంటే జొన్నరొట్టెలే. నాయనమ్మ వేడినీళ్లతో పిండి కలిపి, పీటమీద అరచేత్తో తట్టి, పెనంమీద వేసి పైన తడిచెయ్యి రాసేది. పక్కన గోంగూర పప్పో, పచ్చిపులుసో. వరన్నం పండగలకేనట, ఆమె మాటల్లో కాస్త కోతలూ ఉంటాయి లెండి.

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఎందరి ఆకలో తీర్చిన పథకం, తప్పుపట్టను. కానీ బియ్యం చవక, వండటం సులువు. రొట్టె తట్టే చేతులు మా ఇంట్లో ఆగిపోయాయి. మీరాలం మండీలో ఆకుకూరలకు కొదవ లేదు, మా సంచిలో కట్టలే తగ్గాయి.

ఇక ఊబకాయం అనగానే అందరూ బిర్యానీని, హలీంని తిడతారు. హలీం రంజాన్ నెల ముచ్చట. అందులో గోధుమలు, పప్పులు, మాంసం ఉంటాయి. ఏడాది పొడుగునా రెండు పూటలా పళ్లెం నిండా తెల్లన్నం, నడుమ చక్కెర చాయ్, ఉస్మానియా బిస్కెట్లు: లెక్క అక్కడ తీయాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 30 శాతం స్త్రీలు, 32 శాతం పురుషులు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు.

అలాగని జొన్నను దేవుణ్ణి చేయలేను. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చిన పోషకాహార పరిశోధన సంస్థలో సి.గోపాలన్ బృందం, జొన్నలు తప్ప మరో తిండి దొరకని పేదల్లో పెల్లాగ్రా అనే పోషకలోప జబ్బునే పరిశోధించింది. మా నాయనమ్మ రొట్టె పక్కన పప్పుండేది.