శిశుమస్తిష్క దర్శనము

పసిపిల్లల తలలో దాగిన కణితిని పుఱ్ఱె తెఱవక కనుగొనుటకు వైద్యులు తొలుత ఆశ్రయించినది గాలిని. 1918లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో వాల్టర్ డాండీ యను శస్త్రవైద్యుడు, ఇంకను పూడని మాడు గుండ శిశువు తలలోనికి సూదిని దింపి, మెదడు కుహరములలోని ద్రవమును కొంచెము కొంచెముగా తీయుచు, తీసినంత మేర గాలిని నింపి, ఎక్సురే పటము తీసెను. మెదడునకును కణితికిని గల భేదమును ఎక్సురే తెలుపజాలదు. గాలి నిండిన కుహరమును మాత్రము నల్లగా చూపును. ఆ నలుపు ఒక ప్రక్కకు ఒరిగియున్నచో, ఒరగద్రోసినది కణితియని యూహింపవలసినదే. మరుసటి యేడు ఆయనయే వెన్నులోనుండి గాలిని పంపు విధమును వెల్లడించెను. ఆ గాలి అన్ని మూలలకును చేరుటకై రోగిని కుర్చీకి కట్టి అటునిటు త్రిప్పుట, పిమ్మట దినములతరబడి తలనొప్పి, వాంతులు: ఇది రోగమునకు తోడు మరియొక రోగము. అయినను అర్ధశతాబ్దికి పైగా ఇది ఒక ముఖ్యమైన దిక్కు.

1971 అక్టోబరు 1న లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డు అను ఇంజనీరు కల్పించిన, ఎక్సురేలతో తలను పొరలుగా చూపు సి.టి. యంత్రము తొలి రోగి తలను చిత్రించిన పిమ్మట ఆ కుర్చీ క్రమముగా మూలబడినది. పిల్లల విషయమున చిక్కు పూర్తిగా తీరలేదు. వారి మెదడు కణితులలో దాదాపు సగము తల వెనుక అడుగుభాగమున, చిన్నమెదడు చెంత పుట్టును. చెవుల లోపలి ఎముక మిక్కిలి గట్టిదగుటచే సరిగా అచ్చటనే ఆ పటముపై చారలు పడెడివి.

అయస్కాంత అనునాద చిత్రణమునకు, అనగా ఎమ్.ఆర్.ఐ.కి, ఎముక అడ్డు కాదు. అది వినునది దేహములోని నీటియందలి ఉదజని పలుకును. గట్టి ఎముక దాదాపు మౌనముగా నుండును. కణితులలోని నీటి పలుకు వేరని 1971లో డమేడియన్ అను వైద్యుడు ఎలుకల కణజాలముపై చూపెను. 1973లో లాటర్బర్ అను రసాయనశాస్త్రజ్ఞుడు రెండు సన్నని గొట్టములలోని నీటిని చిత్రముగా మలచెను. 2003లో నోబెలు బహుమానము లాటర్బరునకును, ఈ చిత్రణమును మెఱుగుపఱచిన మాన్స్‌ఫీల్డునకును దక్కగా, తనను విడిచిరని డమేడియన్ పత్రికలలో ప్రకటనలు వేయించి మొఱపెట్టుకొనెను. ఆయన కొలత గొప్పదే. కాని వైద్యునకు కావలసినది కణితి ఎచ్చట నున్నదో చూపు పటము, దానికి దారి చూపినవాడు లాటర్బర్.

మెదడు కాండమును నిలువుగా కోసినట్లు చూపు ఎమ్.ఆర్.ఐ. పటములో, సూది మోపుటకే వెఱచు తావునందలి కణితియు కనబడును. కదలక పడుకొనలేని పసివారికి మత్తు ఈయవలసియుండుటయు, కణితి జాతిని తేల్చుటకు తఱచు సూక్ష్మదర్శినియే శరణ్యమగుటయు నేటికిని తప్పలేదు. పరీక్షకు జంకి కాలహరణము చేయుటకు ఆనాటి తల్లిదండ్రులకు కారణముండెను, నేడది లేదు. కావున వేకువ తలనొప్పియు, వాంతియు, నడకలో తూలుటయు బిడ్డను విడువకున్నచో, అజీర్తియని సరిపెట్టుకొనక వెంటనే వైద్యునికి చూపుడు.