కాకతీయుల గుడిగోడలపై వర్ణచిత్రాలు

ఓరుగల్లు అనగానే మనకు స్ఫురించేది రాయి. కోటలోని కీర్తితోరణాలు, 1163 నాటి వేయిస్తంభాల గుడి, రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి, అన్నీ శిలాసంపదే. కాని నాటి నగరానికి రంగులు కూడా కలవు. ఓరుగల్లును వర్ణించే క్రీడాభిరామంలో మాచల్దేవి అనే వేశ్య చిత్రశాల ప్రస్తావన వస్తుంది. నగరంలో చిత్రకారుల ఇండ్లు 1500 అని ప్రతాపచరిత్రం చెబుతున్నది. ఆ లెక్కను అక్షరాలా నమ్మనవసరం లేదు గాని, చిత్రకారులకు అక్కడ కొదువ లేదని గ్రహించవచ్చు.

మరి ఆ చిత్రాలేవి? వాటి జాడకోసం సూర్యాపేట సమీపాన గల పిల్లలమర్రికి పోవాలి. అక్కడ రేచర్లవారే, కాకతీయుల సామంతులుగా, దేవాలయాలు కట్టించారు. నామిరెడ్డి పేర వెలసిన నామేశ్వరాలయంలో సముద్రమథన చిత్రం ఆనవాళ్లు మిగిలి ఉన్నవి. కాకతీయ చిత్రకళకు మిగిలిన సాక్ష్యాలు బహుస్వల్పం; కనుక ఆ చెదిరిన గీతలకే ఇంత విలువ.

రాయి నిలిచినచోట బొమ్మ ఎందుకు నిలువలేదు? గోడచిత్రం సాధారణంగా రాతిని అంటి ఉండదు. రాతిపై పూసిన పలుచని గారను అంటి ఉంటుంది. గారలోని తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును గ్రహించి కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. తడి ఆరకముందే వేసిన రంగు ఆ స్ఫటికాలలో చిక్కుకొంటుంది. ఆరిన గారపై జిగురు కలిపి వేసిన రంగు పైపైన మాత్రమే నిలుస్తుంది. ఎట్లా వేసినా దానికి పరమశత్రువు నీరే. కప్పు సందులలో ఇంకిన వాననీరు లవణాలను కరిగించి మోసుకొస్తుంది. ఎండకు నీరు ఆవిరైపోగా లవణాలు గారలోనే స్ఫటికాలై పెరుగుతాయి. ఆ ఒత్తిడికి గార పెచ్చులూడుతుంది. ఎర్రమట్టి, పసుపుమట్టి ఇనుప ఆక్సైడులు గనుక వెలుతురుకు వెలవవు. గారతోపాటు రాలిపోతాయి, అంతే.

దీపాల మసి మరొక పొర. దానిని కప్పుటకు వేసే వెల్ల ఇంకొక పొర. అయితే వెల్ల ఎల్లప్పుడూ శత్రువు కాదు. 16వ శతాబ్దంలో ఇంగ్లండు గ్రామచర్చీలలోని చిత్రాలను మతసంస్కరణవాదులు సున్నంతో కప్పించారు; తరువాతి కాలంలో ఆ పొర తొలగించగా వాటిలో కొన్ని మళ్లీ బయటపడినవి. మన గుళ్లలో బొమ్మపై వెల్ల కనబడితే గీకుట మాత్రం నిపుణుల పని. వారు మొదట కప్పు కారుట మాన్పిస్తారు. తరువాత వేలితో మెల్లగా తట్టి, డొల్ల శబ్దాన్నిబట్టి గార ఎక్కడ రాతిని విడిచినదో గుర్తించి, ఆ ఖాళీలోనికి సన్నని సూదిగుండా సున్నపు ద్రవాన్ని ఎక్కిస్తారు.