రాచపుండు నుంచి షుగర్ దాకా

గుర్రంకొండ ఖిల్లా చూడ్డానికి వెళ్లినవాళ్లు మఖ్బరా దగ్గర ఆగి ఫాతెహా చదువుతారు. అక్కడ పడుకున్నది మీర్ రజా అలీ ఖాన్. టిప్పు సుల్తాన్‌కు మామూ, హైదర్ అలీకి బావమరిది. మా నానా ఈ రిష్తా చెప్పిన ప్రతిసారీ కిస్సా హైదర్ మౌత్ దగ్గరికి వచ్చి ఆగేది.

1782 డిసెంబర్ 7. చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట లష్కర్‌లో హైదర్ కన్నుమూశాడు. తల్వార్ దెబ్బకు కాదు, వీపు మీద లేచిన పుండుకు. తెలుగులో రాచపుండు, ఉర్దూలో రాజ్ ఫోడా. రాజులకొచ్చే మర్జ్ అన్న ఖయాల్ పేరులోనే ఉంది. టిప్పు మలబారు వైపు ఉన్నాడు. కొడుకు వచ్చేదాకా ఖబర్ దాచి, మయ్యత్‌ను ఖజానా పెట్టెలా కోలార్‌కు పంపారు.

ఈ రోజు అలాంటి పుండు చూస్తే డాక్టర్ ముందు షుగర్ టెస్టు రాస్తాడు. హైదర్‌కు షుగర్ ఉండేదని నేననను. ఆనాటి హకీముల దగ్గర రక్తంలో చక్కెర కొలిచే సాధనం లేదు.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో టీబీ శానటోరియం మొదలైంది. డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమొడ్ మోలర్ దాన్ని నడిపించాడు. ఇంకా గోలీలు లేని జమానా. ఆరామ్, మంచి గాలి, బలమైన తిండి, ఇదే ఇలాజ్. మన తాతల భయం కడుపు నిండకపోవడం. మన భయం దస్తర్‌ఖాన్ నిండిపోవడం! అయినా పాత మర్జ్ పోలేదు. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ఖతరా రెండు మూడు రెట్లు ఎక్కువ.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్ లాంటి పెద్ద ఖర్చులకు గరీబులకు ఆసరా దొరికింది. షుగర్ జేబును అలా కొట్టదు, నెలనెలా కొరుకుతుంది. సర్కారీ దవాఖానాలో గోలీలు ముఫ్త్‌గా ఇస్తారు. మనవాళ్లకు లైన్లో నిలబడాలంటే షరం, వలీమాలో రెండోసారి బిర్యానీ వడ్డించుకోవడానికి మాత్రం లేదు.

మా అబ్బాకూ ఆ షరమే ఉండేది. మందులు కొన్నాళ్లు వేసుకుని, కొన్నాళ్లు మానేసేవారు. చెప్పు కరిచిన చిన్న గాయానికి కాలి వేలు పోయింది. ఆ తర్వాత ఏడాది దుకాణం తెరవలేదు. అమ్మీ గాజులు తాకట్టుకు వెళ్లాయి. ఆయన హిసాబ్ కితాబ్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఉర్దూలో, చక్కని ఖత్‌లో, మొదటి పేజీల్లో బియ్యం, నూనె, పిల్లల ఫీజు. చివరి పేజీల్లో అన్నీ దవా, డ్రెస్సింగ్, ఆటో కిరాయి.