సిలిండర్ ఎవరిది? మన వంటింటి గ్యాసు కథ



పోయిన ఆదివారం అమెరికా నుంచి మా అన్న కొడుకు ఫోన్ చేసినాడు. ఊరికి దూరంగా ఇల్లు కొన్నాడు. ఆ వీధిలో గ్యాసు పైపు లేదంట. వంటకూ, చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టడానికీ ఇంటి వెనకాల ప్రొపేన్ టాంకు పెట్టుకోవాలంట. "చిన్నాయనా, టాంకు కంపెనీ దగ్గర అద్దెకు తీసుకునేదా, సొంతంగా కొనేదా?" అని అడిగినాడు.

నాకు నవ్వొచ్చింది. రైల్వేలో గుమాస్తాగా బతుకంతా గడిపినోణ్ణి, నాకు అమెరికా టాంకు సంగతి ఏం తెలుసు? రేపు చెప్తానని ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయినాను. మూలలో మా సిలిండర్ ఉంది. దాన్ని చూస్తూ నిలబడినాను. ఇరవై ఏండ్లకు పైగా దీనిమీద వండుకుని తింటున్నాం. ఇది ఎవరిది? మాదా, కంపెనీదా? ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి పుట్టింది. నేను బడిలో చదివింది అంతా తమిళం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

మన చిన్నతనంలో ఈ ప్రశ్నే లేదు. కోవిల్‌పట్టి చుట్టూ అంతా కరిసల్ నేల. పత్తి ఏరినాక ఎండిన పత్తి కట్టె పీకి కట్టలు కట్టి ఇంటి వెనకాల పేర్చేవాళ్లం. పిడకలు ఉండేవి. సీమ కరివేలం ముండ్ల కంప ఉండేది. అగ్గిపెట్టె గురించి చెప్పేదే లేదు, మన ఊరి సరుకు అది. పొయ్యి మనది, కట్టె మనది, మంట మనది. పొగ మాత్రం అమ్మ కండ్లది. ఆ తరువాత రేషన్ సీమనూనె, పంపు స్టవ్వు వచ్చినాయి. స్టవ్వు కూడా మనమే కొన్నాం కాబట్టి మనదే.

గ్యాసు మన దేశానికి వచ్చింది 1955లో. బర్మా షెల్ అనే తెల్లవాళ్ల కంపెనీ బొంబాయిలో మొదలుపెట్టింది. ఇండియన్ ఆయిల్ వాళ్ల ఇండేన్ 1965లో కలకత్తాలో మొదలైంది. 1974లో ఎస్సో కంపెనీని ప్రభుత్వం తీసుకుంటే అది హిందుస్థాన్ పెట్రోలియం అయింది. 1976లో బర్మా షెల్‌ను తీసుకున్నారు. మరుసటి ఏడు దానికి భారత్ పెట్రోలియం అని పేరు పెట్టినారు. ఈ రోజు మన వీధుల్లో తిరిగే మూడు కంపెనీల పుట్టుక ఇదే. అయినా పెద్ద పట్నాల్లో వెలిగిన ఆ నీలం మంట మన ఇండ్లకు రావడానికి చానా కాలం పట్టింది.

నేను విరుదునగర్‌లో ఉద్యోగం చేసేటప్పుడు 1992లో పేరు రాయించినాను. కనెక్షన్ వచ్చింది 1998లో! ఆరేండ్లు. ఆ కాలంలో ఎంపీలకు గ్యాసు కూపన్ల కోటా ఉండేది. తెలిసినవాళ్లు ఉంటే కూపన్ సంపాదించేవాళ్లు. మనకు ఎవరు తెలుసు? వరసలో కాచుకున్నాం. సిలిండర్ ఇంటికొచ్చిన రోజు మా ఇంటావిడ దానికి పసుపు కుంకుమ పెట్టింది. పక్కింటివాళ్లు చూసి పోయినారు. వెయ్యి రూపాయలు కట్టినాను, సిలిండర్‌కు తొమ్మిది వందలు, రెగ్యులేటర్‌కు వంద. కొన్నామనే అనుకున్నాం.

రాత్రి కూర్చుని ఆ కాగితం చదివినాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? దానిలో 'వెల' అని ఎక్కడా లేదు. 'డిపాజిట్' అని ఉంది. అంటే సిలిండర్ కంపెనీది, రెగ్యులేటర్ కంపెనీది. మన వెయ్యి రూపాయలు వాళ్ల దగ్గర పూచీకి ఉన్న సొమ్ము. కనెక్షన్ వదిలి సామాను వాపసు ఇచ్చిననాడు ఆ వెయ్యే తిరిగి ఇస్తారు. వడ్డీ లేదు. మనదంటూ ఉన్నవి రెండే: పొయ్యి, ఆ వోచర్ కాగితం.

రైల్వేవాళ్లకు ఇది కొత్త కాదు. గూడ్స్ వ్యాగన్ పక్కన చూడండి, అది ఏ రైల్వేదో అక్షరాలు రాసి ఉంటాయి, ఖాళీ బరువు రాసి ఉంటుంది. సరుకు వర్తకుడిది, వ్యాగన్ రైల్వేది. దించుకుని ఖాళీ చేసి ఇవ్వాలి, ఆలస్యమైతే డెమరేజ్ కట్టాలి. సిలిండర్ పైన కూడా అదే లెక్క. కంపెనీ పేరు ఉంటుంది, ఖాళీ బరువు ఉంటుంది. లోపలి 14.2 కిలోల సరుకు మాత్రమే మనది. 1992లో రైల్వే కూడా 'మీ వ్యాగన్ మీరే కొనుక్కోండి' అని కంపెనీల కోసం ఒక స్కీము పెట్టింది. అద్దెకు వాడటమా, సొంతంగా కొనడమా అనేది ఎంతెంత పెద్దవాళ్లకూ ఉండే ప్రశ్నే.

మరి మనం సిలిండర్‌ను సొంతంగా ఎందుకు కొనలేము? కారణం మార్పిడి పద్ధతి. ఈ రోజు మనం ఇచ్చే ఖాళీ సిలిండర్ మళ్లీ మనింటికి రాదు. అది బాట్లింగ్ ప్లాంటుకు పోయి, నిండి, ఇంకెవరి ఇంటికో పోతుంది. మనకు ఇంకొకటి వస్తుంది. ఇట్లా ఊరంతా తిరిగే ఇనుప డబ్బాలో 'నాది' అనేదానికి చోటు లేదు. ఇంకోటి, లోపల ఒత్తిడితో ఉండే సరుకు అది. కొన్నేండ్లకొకసారి సిలిండర్‌ను పరీక్ష పెట్టాలని చట్టం ఉంది. ఆ పని సంసారి చేయలేడు, కంపెనీ చేయాల. సిలిండర్ పై కమ్మీల లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. A అంటే జనవరి నుంచి మార్చి, B అంటే ఏప్రిల్ నుంచి జూన్, C, D అట్లే. అంకెలు సంవత్సరం. అది మళ్లీ పరీక్షకు పోవాల్సిన గడువు. గడువు దాటిన సిలిండర్ తెస్తే తీసుకోకండి.

సామాను మన చేతిలో ఉన్నంత మాత్రాన మనకు మేలని కూడా అనుకోకూడదు. 1993లో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు కూడా గ్యాసు అమ్మేదానికి అనుమతి ఇచ్చింది. మా తోడల్లుడు మాతోపాటు వరసలో కాచుకోలేక ఒక ప్రైవేటు కనెక్షన్ తీసుకున్నాడు. డిపాజిట్ ఎక్కువ, గ్యాసు ధర ఎక్కువ, కానీ అదే వారంలో వచ్చింది. "చూసినారా అన్నా" అని నన్ను ఎగతాళి చేసినాడు. కొన్నేండ్లకు ఆ ఏజెన్సీ తలుపు మూసుకుంది. డిపాజిట్ రాలేదు. సిలిండర్ ఆయన దగ్గరే మిగిలింది. అడిగేవాడు లేడు, నింపేవాడు లేడు. వేరే కంపెనీ దాన్ని ముట్టుకోదు. చానా కాలం అది వాళ్ల పెరట్లో తులసి తొట్టికి పీటగా ఉండింది. నింపేవాడు లేని సిలిండర్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

1999లో ఆంధ్రలో దీపం పథకం వచ్చింది. అక్కడ ఆడవాళ్ల సంఘాల సభ్యులకు ప్రభుత్వమే డిపాజిట్ కట్టింది. 2006 ఎన్నికల తరువాత మన తమిళనాట పేద కుటుంబాలకు ఉచితంగా గ్యాసు స్టవ్వులు ఇచ్చినారు. 2016 మే నెలలో కేంద్రం ఉజ్వల తెచ్చింది. దీపంలోనూ ఉజ్వలలోనూ నాకు నచ్చినది ఒకటుంది. కనెక్షన్ ఆడవాళ్ల పేరుమీద ఇచ్చినారు. మన తరం వోచర్లన్నీ మగవాళ్ల పేరుమీదే ఉన్నాయి, వండింది మాత్రం ఆడవాళ్లు. దీనివల్ల వచ్చే చిక్కు ఏంటో మా అక్క కథలో చూడండి.

మా అక్క ఉండేది కోవిల్‌పట్టి పక్క పల్లెలో. బావ 2019లో పోయినాడు. కనెక్షన్ బావ పేరుమీదే ఉంది. బండి వీధి చివరే ఆగిపోతుంది, ఈమె సిలిండర్‌ను దొర్లించుకుంటా ఇంటికి తెచ్చుకోవాల. డెబ్బై దాటిన మనిషి. "వేరే కంపెనీకి మారతా తమ్ముడా" అని నన్ను పిలిచింది. 2014 జనవరి నుంచి మన ప్రాంతంలో ఉండే ఇంకో ఏజెన్సీకిగానీ, ఇంకో కంపెనీకిగానీ మారే వీలు ఉంది కదా, సులభమే అనుకుని పోయినాను. ఏజెన్సీలో "కనెక్షన్ ఎవరి పేరుమీద ఉందో ఆయన్ని రమ్మనండి" అన్నారు. అక్క ఏమీ అనలేదు. బయటికి వచ్చి మెట్లమీద కూర్చుంది. "నలభై ఏండ్లు నేను వండితే, ఆయన వచ్చి అడగాలంట" అన్నది.

ముందు పేరు మార్చాల. బావ మరణ సర్టిఫికెట్, పిల్లల సమ్మతి పత్రం, అక్క ఆధార్, పాత వోచర్. వోచర్ కోసం ఇల్లంతా వెతికినాము. ఇంటి పట్టా మడతలో బావ దాచిపెట్టి ఉన్నాడు, పైన తన చేత్తో తేదీ రాసి. పేరు అక్క మీదికి వచ్చింది. సొంత మనుషులకే మారింది కాబట్టి పాత డిపాజిట్టే సాగింది, కొత్తగా కట్టనక్కరలేదు.

తరువాత లెక్క వేసినాను. కంపెనీ మారాలంటే సిలిండర్, రెగ్యులేటర్ వాపసు ఇవ్వాల, ఎందుకంటే అవి వాళ్లవి. అక్కకు పాత వెయ్యి తిరిగి వస్తుంది. కొత్త కంపెనీలో ఇప్పటి డిపాజిట్ కట్టాల. 2022 జూన్ 16 నుంచి సిలిండర్‌కు 2200, రెగ్యులేటర్‌కు 250. మొత్తం 2450. అంటే చేతినుంచి 1450 పెట్టాల. అదే కంపెనీలో ఏజెన్సీ మాత్రం మారితే సామాను ఇచ్చేది లేదు, ఒక్క రూపాయి కట్టేది లేదు. అదే కంపెనీకి ఇంకో ఏజెన్సీ అక్క ఊరికి దగ్గరలోనే ఉంది. అక్కడికి మార్చినాము. ఇప్పుడు ఆ పిల్లోడు సిలిండర్ వంటింటిదాకా తెచ్చి పెట్టి పోతాడు.

మరుసటి రోజు అమెరికా పిల్లోడికి ఫోన్ చేసినాను. ముందు అతణ్ణే అడిగి అక్కడి సంగతి తెలుసుకున్నాను. మన సిలిండర్‌లో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. మన కోవిల్‌పట్టి ఎండకు ఆ బాధ లేదు. మంచు పడే చోట పనికిరాదు. ప్రొపేన్ సున్నాకు దిగువ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది, అందుకే అక్కడ ప్రొపేన్. ఇంటి టాంకు 500 గ్యాలన్లు ఉంటుంది, దగ్గరదగ్గర 1900 లీటర్లు. గ్యాసు వేడికి ఉబ్బుతుంది కాబట్టి నూటికి ఎనభై వంతులే నింపుతారు. ఆ టాంకు మన సిలిండర్ లాగా ఊరు తిరగదు. లారీ వచ్చి నింపిపోతుంది. అద్దె టాంకు అయితే దాని కంపెనీ మాత్రమే నింపుతుంది. వేరేచోట ధర తక్కువ ఉన్నా పిలవడానికి లేదు. మారాలంటే పాతవాళ్లు వచ్చి టాంకు పీక్కుపోవాల. సొంత టాంకు అయితే ఎవరినైనా పిలిచి ధర అడగొచ్చు, కానీ రిపేరు, పరీక్ష అన్నీ మన నెత్తిమీదే.

"ఆ ఇంట్లో ఎన్నేండ్లు ఉంటావు నాయనా?" అని అడిగినాను. "ఇరవై ఏండ్లైనా ఉంటాను చిన్నాయనా" అన్నాడు. "అయితే కొను. బదిలీ ఉద్యోగం అయితే అద్దె. ఏది చేసినా కాగితం నీ పెండ్లాం పేరు కూడా వేసి రాయించు" అని చెప్పినాను.

మీకూ చెప్పేది అదే. ఈ రోజు సాయంత్రం మీ గ్యాసు వోచర్ బయటికి తీయండి. ఎవరి పేరుమీద ఉందో చూడండి. ఆ మనిషి లేకపోతే, సమ్మతి సంతకం పెట్టాల్సిన పిల్లలు పండగకు ఇంటికొచ్చినప్పుడే పేరు మార్పించుకోండి. మారేటప్పుడు ముందు ఏజెన్సీ మార్చే దారి చూడండి, అది కుదరకపోతేనే కంపెనీ. కాగితం దొరకనివాళ్లు, ఏజెన్సీకి పోవడానికి తోడు లేని అక్కలు సంఘం ఆఫీసులో చెప్పి పంపండి. రిటైరైన మనిషిని, నాకు పొద్దుపోవాల. నేను కూడా వస్తాను.